ప్రెసిడెంటు గారి దోసిలి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: గడప లోపల పీట వేసుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్న నాయనమ్మ రాఘవమ్మ; ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతులు రెండూ ఒంటికి దూరంగా పెట్టుకుని తిరుగుతున్న నాన్న భావనారాయణ; వచ్చేవాళ్ళకి కాఫీ ఇవ్వాలో మజ్జిగ ఇవ్వాలో ఎవరూ చెప్పక రెండూ సిద్ధం చేసి పెట్టిన అమ్మ సుబ్బరావమ్మ; వసారాలో నులకమంచం నిండా పరుచుకుని కూర్చున్న చెంచయ్య మావయ్య; పెరట్లో గేదె, దాని దూడ; గాదె వెనక సామ్రాజ్యం.

గేదెను కూడా చెప్పుకోవాలి. తగువంతా దాని పాల గురించే.

సామ్రాజ్యం దాక్కుందనుకోకూడదు. ఇంటికి కొత్తవాళ్ళొస్తే ఆ పిల్ల ఉండే చోటే అది. పదిహేనేళ్ళొచ్చాయి, ఊళ్ళో ఉన్న ఎనిమిదో తరగతీ అయిపోయింది, నలుగురిలో గొంతు మాత్రం ఇంకా పెగల్లేదు. స్కూలు ఇన్‌స్పెక్టరు వచ్చి పేరేమిటమ్మా అనడిగితే పక్కపిల్ల చెప్పాల్సొచ్చింది. "ఇంత పేరు పెట్టుకుని ఇంతేనా గొంతు?" అని ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. అలాంటి పిల్ల ఇవాళ ఊరందరి ముందూ నిలబడి ఒక పని చెయ్యాలి. ఆ పనికి నోటితో అవసరం లేదన్నదొక్కటే ఆమెకున్న ధైర్యం.

మార్టూరు చుట్టుపక్కల ఇంకే ఊళ్ళోనూ లేని ఆచారం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దాన్ని దోసిలి పట్టడం అంటారు. పదిమందిలో ఒకరిని మాటన్నవాడు ఆ యింటికి వచ్చి, గడప బయట నిలబడి, తను అన్న మాటేదో పేరుపెట్టి చెప్పి, అది తప్పని ఒప్పుకోవాలి. అప్పుడా ఇంటి పెళ్ళికాని పిల్ల చెంబుతో నీళ్ళు దోసిట్లో పోస్తుంది. ఆ నీళ్ళు తాగేదాకా వచ్చినవాడు పొద్దుటినుంచీ మరేమీ తాగకూడదు. పోసే పిల్ల నోరు మెదపకూడదు. మెదిపితే ఆ నీళ్ళు చెడినట్టే. ఇక తాగాడంటే తగువు తీరినట్టు. ఆ మాట మళ్ళీ ఊళ్ళో ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. అన్నవాడు ఎత్తకూడదు, పడ్డవాడూ ఎత్తకూడదు. ఎవరు పెట్టారో తెలియదు గాని, నోటి దురుసు జాస్తిగా ఉన్న ఊరు కాబట్టి ఆచారానికి తుప్పు పట్టే వీల్లేకపోయింది.

ఇవాళ దోసిలి పట్టడానికి వస్తున్నవాడు పంచాయతీ ప్రెసిడెంటు అంకమ్మరావు.

రాఘవమ్మ పంచాయతీలో ఆడ మెంబరు. స్కూలు పిల్లలకు ఇచ్చే పాలపొడి ఆమె చేతి మీదుగా పంచేవారు. వానాకాలంలో గది కప్పు కారి డబ్బాలోకి నీళ్ళు దిగాయి. పొడి గడ్డకట్టి బండరాయిలా అయింది. మేస్టారు దాన్ని స్కూలు గోడ వెనకకి దొర్లించి పారేయించాడు. పిల్లలు దాన్ని రాళ్ళతో కొట్టి పెచ్చులు చప్పరించారు. సామ్రాజ్యం కూడా ఒక పెచ్చు చప్పరించింది. ఆ కప్పు వేయించింది అంకమ్మరావు గనక, డబ్బా ఏమైందని ఎవరైనా అడుగుతారేమోనని ఆయనకో భయం ఉండేది. ఎవరూ అడక్కముందే జనవరిలో జెండా పండగనాడు మైకు ముందు నిలబడి ఆయనే ఎత్తుకున్నాడు.

"స్కూలు పాలపొడి డబ్బా ఖాళీ అయిందర్రా! అదేం చిత్రమో గాని, మా రాఘవమ్మ పిన్ని గేదె పాలు మాత్రం ఈ మధ్య చిక్కబడ్డాయి!"

జనం విరగబడి నవ్వారు. జెండా కట్టిన మేస్టారు కూడా నవ్వాడు. మర్నాటినుంచి పిల్లలు ఆ గేదెను "పొడిగేదె" అనడం మొదలెట్టారు. పాలు పోయించుకునే ఆడవాళ్ళు గిన్నెలో వేలు ముంచి, వేళ్ళ మధ్య రాసి చూసుకోవడం మొదలెట్టారు. తర్వాత ఒక్కో ఇల్లే మానేసింది. గోడ వెనక రాయి ఊరందరూ చూసిందే. కాని కళ్ళతో చూసినదానికన్నా మైకులో విన్నదే గట్టిదైపోయింది. రాఘవమ్మ వాళ్ళతో వీళ్ళతో ఏమీ అనలేదు. "ఎవరి నోటితో వచ్చిందో ఆ నోటితోనే వెనక్కి పోవాలి. రాఘవమ్మ పాలపొడి తియ్యలేదు. అంతే మాట. అది వాడు చెప్పాలి," అని మాత్రం అంది.

ఆ ఊళ్ళో రెండే పార్టీలు. పై బజారు పార్టీ అంకమ్మరావుది. కింద బజారు పార్టీ చెంచయ్యది. భావనారాయణది కింద బజారు. తల్లికి జరిగిన అవమానానికి ఆయన ఊగిపోయాడు. "ఇది స్త్రీజాతికే అవమానం! అంకమ్మరావు రాజీనామా చెయ్యాలి! ముక్కు నేలకు రాయాలి!" అని సందుసందునా అరిచాడు. పై బజారువాళ్ళు మాత్రం, "ఏదో సరదాగా అన్నాడయ్యా. నోరన్నాక జారదా? మాట పట్టుకుని లాగడం ఏం రాజకీయం?" అన్నారు.

ఈ మాటలన్నీ సామ్రాజ్యం అంతకుముందే విని ఉంది. కిందటి దీపావళి ముందర స్కూలు మీటింగులో చెంచయ్య లేచి, "ఉప్మాలో నూనె కనపడ్డం లేదంటారేం? ఉప్మాలో ఎందుకుంటుందయ్యా, షాజాదీ జడలో ఉంటే!" అన్నాడు. షాజాదీ స్కూల్లో మధ్యాహ్నం ఉప్మా వండే మనిషి, పై బజారు మనిషి. అప్పుడు "స్త్రీజాతికే అవమానం, రాజీనామా చెయ్యాలి" అన్నది అంకమ్మరావు. మైకు ముందు ఉత్తరీయంతో కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "ఏదో సరదాగా అన్నాడు, నోరన్నాక జారదా" అన్నది ఈ భావనారాయణే. జెండా పండగతో రెండు బజార్లూ మాటలు ఇచ్చిపుచ్చుకున్నాయి, పేరంటంలో వాయనాలు మార్చుకున్నట్టు.

ఆ సంగతి సామ్రాజ్యం నాయనమ్మ చెవిలో చెబితే రాఘవమ్మ నవ్వింది. "కొత్తవి కుట్టించుకోవడం దండగని పాతవే తొడుక్కుంటున్నార్లే," అంది.

ఇప్పుడీ దోసిలి ఎందుకంటే, పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఎన్నిక దగ్గర పడింది. అంకమ్మరావుకి ఆ కుర్చీ మీద కన్నుంది. ఆడ మెంబరు మీద నింద వేసినవాడన్న పేరుతో అది దక్కదని గుంటూరు నుంచి ఎవరో పెద్దలు చెప్పారట. ఆ ముసలమ్మ ఇంట్లో నీళ్ళు తాగుతున్న ఫోటో ఒక్కటి పేపర్లో పడితే చాలన్నారట. అందుకని చీరాల నుంచి అల్లాబక్షు అనే ఫోటోగ్రాఫర్ని కూడా పిలిపించాడు.

పొద్దుటినుంచీ చెంచయ్య మంచం మీదనుంచి ఇల్లంతటికీ పాఠం చెబుతున్నాడు.

"భావనారాయణా! గుర్తుంచుకో. మాట పేరుపెట్టి చెప్పాలి. గట్టిగా చెప్పాలి. 'నొచ్చుకుని ఉంటే', 'పొరపాటున', 'ఏదో సందర్భంలో' ఇలాంటి నాన్చుడు మాటలు అంటే చుక్క నీళ్ళు పడకూడదు."

"పడవు బావా. మా అమ్మ పరువు!"

"అమ్మాయి ఏదీ? ఏమే సామ్రాజ్యం, విన్నావా?"

గాదె వెనకనుంచి గాజుల చప్పుడు వచ్చింది. విన్నదన్నమాట.

అంతలో పెరటి వైపునుంచి షాజాదీ గిన్నె పట్టుకుని వచ్చింది. పాలు మానెయ్యని ఇల్లు ఆమెదొక్కటే. వసారాలో చెంచయ్య గొంతు విని మొహం ముడుచుకుంది.

"ఎవరు చెబుతున్నారమ్మాయీ ఆ నీతులు? ఆయనేనా?"

సామ్రాజ్యం తలూపింది. షాజాదీ ముందు ఆమెకు గొంతు వస్తుంది. "అత్తా, నీ దగ్గర దోసిలి పట్టినప్పుడు ఆయనేమన్నాడు?"

"ఏమన్నాడా? మా గుమ్మం దగ్గరికొచ్చి, 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను' అన్నాడు. ఒక్క ఊపిరిలో. నా పేరు లేదు, నూనె పేరు లేదు. నీళ్ళు కూడా మావి కావు. వాళ్ళ యింటినుంచి చెంబుతో తనే తెచ్చుకున్నాడు మహానుభావుడు. మా తమ్ముడి కూతురు చిన్నపిల్ల, బెదిరి గబుక్కున పోసేసింది. తాగేసి మూతి తుడుచుకుని పోయాడు." షాజాదీ తన జడని ముందుకు వేసుకుని చూసుకుంది. "తాగేశాక ఇంకేం అనగలను? ఆ మాట ఎత్తకూడదాయె. ఇప్పటికీ నేను వీధిలో పోతుంటే నా జడ చూసి నవ్వుతారు. నవ్వడం మాట ఎత్తడం కాదుట."

పాలు పోయించుకుని వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. "గబుక్కున పోసెయ్యకమ్మాయీ."

సామ్రాజ్యం లోపలికి వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. రాఘవమ్మ తొడిమలు తీస్తూనే, తలెత్తకుండా చెప్పింది.

"ఆ మాట వినపడితే పొయ్యి. వినపడకపోతే పొయ్యకు. నువ్వేం మాట్లాడక్కర్లా."

"అందరికీ వినపడాలా, నాకు వినపడితే చాలా?"

రాఘవమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అది అప్పుడు నీకే తెలుస్తుందిలే," అంది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకి అంకమ్మరావు ఊరేగింపుగా వచ్చాడు. ముందు డప్పులు, వెనక పై బజారంతా, నడుమ ఖద్దరు పంచెలో ఆయన. దారిలో కనపడిన అరుగల్లా ఎక్కి ప్రసంగాలు చేశాడేమో, పెదాలు తెల్లబడి ఉన్నాయి. పొద్దున పెసరట్లలోకి అల్లం పచ్చడి గట్టిగానే వేసుకున్నాడని కూడా తర్వాత తెలిసింది. ఆచారం ప్రకారం ఒక్క చుక్క తాగలేదు. అనుచరుడొకడు ప్రాణం ఒప్పక గోలీ సోడా పట్టుకుని వెంబడే నడుస్తున్నాడు.

ఆయన తిన్నగా గుమ్మానికి రాలేదు. ముందు చెంచయ్య వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. చెంచయ్య మంచం దిగాడు. ఇద్దరూ బండ్ల కొట్టంలో పత్తి బస్తాల వెనక్కి వెళ్ళారు. ఒక చుట్ట కాలినంతసేపు అక్కడినుంచి పొగ మాత్రమే కనపడింది. ఏం మాట్లాడుకున్నారో అప్పుడు ఎవరికీ తెలియదు. సమితిలో వైస్ ప్రెసిడెంటు కుర్చీ కూడా ఒకటి ఉంటుందని తర్వాత అందరికీ గుర్తొచ్చింది.

చెంచయ్య బయటికి వస్తూనే భావనారాయణ భుజం మీద చెయ్యి వేశాడు.

"భావనారాయణా, ఎంతైనా మన ప్రెసిడెంటు గారు. పెద్దమనిషి గడప దాకా వచ్చాడంటే సగం చెప్పినట్టే. అన్నీ విప్పి చెప్పించడం మర్యాద కాదు."

భావనారాయణ నోరు తెరిచాడు. "అదేమిటి బావా, ఇందాక…"

"ఇందాక ఇందాకే. నోరన్నాక జారదా?"

ఆ మాట వినగానే భావనారాయణ మొహంలో పాత చుట్టం కనపడినంత సంతోషం వచ్చింది. తను ఎన్నోసార్లు వాడిన మాటే కదా. "అవుననుకో. ఏదో సరదాగా అన్నాడు," అన్నాడు. ఎండలో నీడ మారడానికి కూడా అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

గడప లోపల రాఘవమ్మ ఇదంతా విననట్టే ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

సామ్రాజ్యం ఇత్తడి చెంబు ఎత్తుకుని గడప మీదికి వచ్చింది. అన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడ్డాయి. చెంబులో నీళ్ళు వణికాయి. తల దించుకుని ఆ నీళ్ళనే చూస్తూ నిలబడింది.

అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! గతంలో ఏదో ఒక సందర్భంలో, ఏదో ఒక మాట వల్ల, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, అందుకు నేను చింతిస్తున్నాను!"

చప్పట్లు కొట్టారు. ఆయన వంగి, దోసిలి పట్టి, మూతి దగ్గర పెట్టుకున్నాడు. అల్లాబక్షు కెమెరా నల్లగుడ్డలో తల దూర్చాడు.

నీళ్ళు పడలేదు.

అంకమ్మరావు ఒక కన్ను పైకెత్తి చూశాడు. చెంబు అక్కడే ఉంది. నీళ్ళూ అందులోనే ఉన్నాయి.

"పిల్ల బెదిరినట్టుంది," అని ఎవరో నవ్వారు.

"పొయ్యవే!" అన్నాడు భావనారాయణ.

అంకమ్మరావు లేచి మళ్ళీ మొదలెట్టాడు. "నా మాటని కొందరు వక్రీకరించారు. నా ఉద్దేశం వేరు. అయినా నా పెద్ద మనసుతో విచారం వెలిబుచ్చుతున్నాను!" వంగాడు. దోసిలి పట్టాడు.

నీళ్ళు పడలేదు.

నల్లగుడ్డలోంచి అల్లాబక్షు గొంతు వచ్చింది. "సార్, ఇలాగే ఫోటో తియ్యమంటారా? నీళ్ళు లేకుండా తీస్తే బిచ్చమడుగుతున్నట్టు పడుతుంది సార్."

"ఆగవయ్యా!"

"నా బస్సు పోద్ది సార్."

మూడోసారి ఆయన ఏడుపు ఎత్తుకున్నాడు. "ఆడదంటే నాకు తల్లి! నన్ను కన్నదీ ఆడదే!" అంటూ ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. కొట్టంలో మాట్లాడుకునేటప్పుడు ఆ ఉత్తరీయాన్ని మిరపకాయలు కుక్కిన టిక్కీ మీద వేసిన సంగతి మరిచిపోయాడు. నిజంగానే కళ్ళలోంచి ధారలు కట్టాయి. ఇంకో ఊరైతే జనం కరిగిపోదురు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి కారం కన్నీళ్ళు ఏవో, కడుపులోంచి వచ్చేవి ఏవో ఎవరూ చెప్పక్కర్లేదు.

"కళ్ళు కడుక్కోరా అంకమ్మరావూ, నలపకు," అంది లోపలినుంచి రాఘవమ్మ, మామూలుగా.

గోలీ సోడా అనుచరుడు ఆగలేక సీసా మూతి మీద బొటనవేలు పెట్టాడు. "ఒరేయ్, సోడా కొట్టావంటే దోసిలి చెడుద్దిరోయ్!" అని అరుగు మీదనుంచి ముసలివాళ్ళు అరిచారు. వాడు వేలు తీసేశాడు. ఆ సీసాని అంకమ్మరావు చూసిన చూపు సమితి కుర్చీ వైపు కూడా చూసి ఉండడు.

సామ్రాజ్యం చేతులు లాగేస్తున్నాయి. తన పేరు పట్టుకుని నాన్న తిడుతున్నాడు. చెంచయ్య "అమ్మా, బంగారు తల్లీ, పెద్దరికం నిలబెట్టమ్మా" అంటున్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో మజ్జిగ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పోసేస్తే అయిపోతుంది. అందరూ వెళ్ళిపోతారు. తను గాదె వెనక్కి పోవచ్చు. కాని రేపు పొద్దున పాలు మానేసినవాళ్ళు మానేసినట్టే ఉంటారు, నాయనమ్మ నోరెత్తడానికి ఉండదు.

అంకమ్మరావు ఈసారి బాగా దగ్గరికి వచ్చాడు. గడప మీదికి వంగి, దోసిలి చెంబుకి ఆనించి, ఆ పిల్ల చెవికి తప్ప ఇంకెవరికీ చేరని గొంతుతో గబగబా అన్నాడు.

"సరేలే తల్లీ, మీ నాయనమ్మ తియ్యలేదు. పొడి తడిసి గడ్డకట్టింది, నాకూ తెలుసు. చెప్పానుగా? ఇక పొయ్యి. గొంతు పిడచకట్టుకుపోతోంది."

సామ్రాజ్యం తలెత్తింది. మాట వినపడింది. ఆచారం ప్రకారం పొయ్యాలి. వెనక నాయనమ్మ తొడిమలు తీసే చిటచిట ఆగిపోయింది. నాయనమ్మకి వినపడలేదు. ఎవరికీ వినపడలేదు. పోస్తే ఈ మాట తన చెవిలోనే ఉండిపోతుంది, ఎప్పటికీ.

పొయ్యనూ లేదు, పొయ్యనని చెంబు దించనూ లేదు. ఏం చేస్తోందో తెలిసేలోపల ఆమె గొంతులోంచి ఇంతవరకూ ఎప్పుడూ రాని కేక ఒకటి వచ్చింది.

"నాయనమ్మా! నువ్వు పాలపొడి తియ్యలేదంట! తడిసి గడ్డకట్టిందంట! ప్రెసిడెంటు పెదనాన్నకీ తెలుసంట!"

గేదె ఉలిక్కిపడి అరిచింది. చెంబు తొణికి నీళ్ళన్నీ అంకమ్మరావు దోసిట్లో గాక కాళ్ళ మీద పడ్డాయి. అల్లాబక్షు ఉలికిపాటులో కెమెరా రబ్బరు బల్బు నొక్కేశాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నేనలా అనలేదు!" అంకమ్మరావు నిటారుగా నిలబడ్డాడు. "పిల్ల కల్పిస్తోంది! ప్రెసిడెంటు మీద నింద వేస్తారా?"

"నోరు మెదిపింది! నీళ్ళు చెడ్డాయి!" అని పై బజారు అరిచింది. "చెడ్డాయి!" అని చెంచయ్య కూడా అరిచాడు. పై బజారూ కింద బజారూ కలిసి ఒక్క మాట మీద అరవడం ఆ ఊరు అదే మొదటిసారి వినడం. అనుచరుడు సోడా కొట్టాడు. అంకమ్మరావు దాన్ని గటగటా తాగి, తేన్చి, "ఆ పిల్ల సాయంత్రం నా గుమ్మం దగ్గరికొచ్చి దోసిలి పట్టాలి. లేకపోతే నేనూరుకోను," అని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేదాకా ఇంట్లో ఒకటే రభస.

"దాని నోరు జారింది బావా," అనబోయాడు భావనారాయణ, ఎంతైనా కన్నతండ్రి కాబట్టి.

"నోరు జారడమేమిటయ్యా!" చెంచయ్య మంచం కోడు మీద గుద్దాడు. "పదిమందిలో అన్న మాట! జారిందంటే ఊరుకుంటారా? ఆచారం ఆచారమే. మాట పేరుపెట్టి చెప్పాలి. ఒక్క ముక్క వదలకూడదు. గట్టిగా చెప్పాలి, ఊరంతా వినపడాలి. 'నొచ్చుకుని ఉంటే' అంటే కుదరదు!"

సామ్రాజ్యం నాయనమ్మ వైపు చూసింది. ఏడుపొస్తోంది. రాఘవమ్మ ఒళ్ళోని తొడిమలు దులుపుకుని లేచి, కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది.

"విన్నావుగా మీ మావయ్య చెప్పింది? ఆచారం ప్రకారం చెయ్యి. ఒక్క ముక్క వదలొద్దు, ఒక్క ముక్క కలపొద్దు. జరిగింది జరిగినట్టు చెప్పు."

"నాయనమ్మా, నేను తప్పని ఒప్పుకోవాలా?"

"నువ్వు చేసింది ఏమిటో అది ఒప్పుకో. చెయ్యనిది ఒప్పుకోకు."

దీపాలు పెట్టకముందే భావనారాయణ కూతుర్ని అంకమ్మరావు ఇంటికి తీసుకెళ్ళాడు. పెద్ద డాబా, ఇత్తడి బుడిపెల తలుపు. పంచాయతీ మైకు బ్యాటరీతో సహా ఉండేది ఆ ఇంట్లోనే; గొట్టం డాబా మీద కట్టి ఉండేది, కింద బజారు చివరి పాకదాకా వినపడేది. ఆ మైకుని గుమ్మం ముందు నిలబెట్టించి, అంకమ్మరావు గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన చిన్న కూతురు వెండి చెంబు పట్టుకుని నిలబడింది. వీధి నిండా జనం. చెంచయ్య ముందు వరసలో ఉన్నాడు. షాజాదీ ఎక్కడో వెనక, జడ ముందుకు వేసుకుని నిలబడింది.

"మధ్యాహ్నం బాగా గట్టిగా అరిచావుగా," అన్నాడు అంకమ్మరావు. "ఇప్పుడూ అరువు. మైకులో. అన్న మాట అన్నట్టు చెప్పి, తప్పని ఒప్పుకో."

"పేరుపెట్టి చెప్పాలి!" అన్నాడు చెంచయ్య.

సామ్రాజ్యం మైకు ముందు నిలబడింది. దానికి నోరు దగ్గర పెడితే తన ఊపిరి తనకే డాబా మీదనుంచి వినపడింది. మధ్యాహ్నం ఒకసారి వచ్చిన గొంతు ఎక్కడికీ పోలేదు, గొంతులోనే కూర్చుని ఉంది.

"నేను అన్న మాట ఇది," అంది. ఊరంతా మోగింది. "మా నాయనమ్మ రాఘవమ్మ పాలపొడి తియ్యలేదు. పొడి తడిసి గడ్డకట్టింది. ఆ సంగతి ప్రెసిడెంటు గారికి తెలుసు. ఈ మాట ఆయన నాకు చెవిలో మెల్లిగా చెప్పారు. మెల్లిగా చెప్పినదాన్ని నేను గట్టిగా చెప్పాను. అలా గట్టిగా చెప్పడం నా తప్పు."

చెప్పేసి, వంగి, దోసిలి పట్టింది.

చిన్న కూతురు పొయ్యాలో వద్దో తెలియక తండ్రి వైపు చూసింది. అంకమ్మరావు మొహం పండుమిరపకాయలా అయింది. కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా, అంటే మైకు దాకా వచ్చి, మండిపడ్డాడు.

"బుద్ధుందా నీకు? చెవిలో చెప్పింది చెవిలో ఉంచుకోవాలని తెలియదా? ఊరందరికీ చెప్పమని చెప్పానా నీకు?"

ఆ మాట డాబా మీది గొట్టంలోంచి పై బజారు మీదుగా, కింద బజారు మీదుగా, మిరప కళ్ళాల మీదుగా పోయింది. వీధిలో మొదట నవ్వింది షాజాదీ. తర్వాత ఇంకెవరూ ఆగలేదు. భావనారాయణ ఎటు చూడాలో తెలియక చెంచయ్య వైపు చూశాడు. చెంచయ్య అక్కడ లేడు.

సామ్రాజ్యం వంగినది వంగినట్టే ఉంది. ఆచారం ప్రకారం నీళ్ళు పడేదాకా లేవకూడదు మరి.

అంకమ్మరావు ఆ దోసిలి వంకా, ఆ మైకు వంకా చూశాడు. కూతురి చేతిలోంచి చెంబు లాక్కుని రెండు తలుపులూ ఒక్క ఊపున ఆ పిల్ల మొహం మీద మూసేశాడు. ఆ ధడేలు కూడా ఊరంతా వినపడింది.